చివరి స్టాపు దాటాక

ఇరవై రెండేళ్ళుగా డ్రైవరు ఆ కొండ మొదటిదాకా రోజుకు రెండుసార్లు వెళ్తూనే ఉన్నాడు. ఒక్కసారీ కొండ ఎక్కింది లేదు. చివరి స్టాపులో బస్సు ఆపడం, వీపున బ్యాగులు తగిలించుకున్నవాళ్ళు బిలబిలమంటూ దిగడం, పావుగంటలో బండి తిప్పుకుని రావడం, అంతే అతనికి కొండతో ఉన్న చుట్టరికం. వెనక తలుపు దగ్గర నిలబడి విజిల్ ఊదేది అతని భార్యే. డిపోలో అందరూ డ్రైవరు, కండక్టరమ్మ అని పిలిచీ పిలిచీ ఇంట్లో కూడా వాళ్ళకు అవే పేర్లయ్యాయి. పెళ్ళి ముందా, ఆ రూటు ముందా అని ఎవరైనా అడిగితే, రూటే ముందని, తర్వాత వేరే దారి లేక పెళ్ళి చేసుకున్నామని ఆవిడ చెప్పేది.

దిగేవాళ్ళ కబుర్లన్నీ ఆవిడ చెవిన పడేవి. వాగు దాటాక ఒకావిడ రాతి పొయ్యిలో రొట్టె కాలుస్తుందట. ఆ పైన తేనె తీసేవాళ్ళ గుడిసె ఉందట, పట్టు కోసి ముక్క అలాగే చేతిలో పెడతారట. "అందర్నీ మోసుకొచ్చి గుమ్మం దగ్గర దింపుతాం, మనం మాత్రం లోపలికి వెళ్ళం" అని ఏడాదికి రెండుసార్లయినా సణిగేది. అతను ఊఁ కొట్టి ఊరుకునేవాడు. ఈసారి మాత్రం ఆవిడ సణగకముందే ఇద్దరికీ సెలవు చీటీ రాసి పడేశాడు. ఆవిడ పొంగిపోయింది. కాస్త అనుమానపడి ఉండాల్సింది గానీ, ఇన్నేళ్ళు అడిగిన కోరిక కాళ్ళ దగ్గరికి నడిచొస్తే అనుమానం ఎవరికొస్తుంది చెప్పండి.

అసలు సంగతి అతని చొక్కా జేబులో ఉంది. నాలుగు మడతలు పెట్టిన కాగితం. డిపో డాక్టరు గదిలో గోడకు వేలాడే అక్షరాల బోర్డు మొత్తం, వరస తప్పకుండా, దాని మీద రాసి ఉంది. ఏడాది కిందట ఓ సాయంత్రం పక్కనుంచి వచ్చిన సైకిలాయన అతనికి కనబడలేదు. ఆఖరి క్షణంలో బ్రేకు పడింది కాబట్టి ఆయన బతికిపోయి, నోటికొచ్చినట్టు తిట్టి వెళ్ళాడు. రోడ్డు తడిగా ఉందని డ్రైవరు అందరికీ చెప్పాడు. తర్వాత గుట్టుచప్పుడు కాకుండా పక్క ఊళ్ళో కంటి డాక్టరుకు చూపించుకున్నాడు. "పొరలైతే తీసేసేదాన్ని. ఇది లోపలి జబ్బు. చూపు అంచుల నుంచి మూసుకొస్తుంది, మసక వెలుగులో ముందు పోతుంది. చిన్న అక్షరాలు మీకు ఇప్పటికే తప్పుతున్నాయి. బండి మానేయండి. చూడాలనుకున్నవేమైనా ఉంటే చూసేయండి" అందావిడ.

రెండో సలహా పాటించి కొండకు వచ్చాడు. మొదటి సలహాకు విరుగుడు జేబులో పెట్టుకున్నాడు. సెలవు అయిపోయిన మర్నాడే, సోమవారం, డిపోలో కళ్ళ పరీక్ష. బోర్డు గడగడా అప్పజెప్పి గట్టెక్కితే ఇంకో మూడేళ్ళు స్టీరింగు అతనిదే, నలభైమంది ప్రయాణికుల ప్రాణాలతో సహా. నిజం చెబితే స్టీరింగు పోతుంది. స్టీరింగు లేకపోతే తాను ఏమవుతాడో అతనికి ఊహకే అందలేదు. ఆ భయంతోనే ఏడాదిపాటు పెళ్ళాం దగ్గర నోరు మెదపలేదు.

చివరి స్టాపు పక్కనున్న కొట్లో బ్యాగులు అద్దెకిస్తారు. మంచులో కూడా కనబడాలని అన్నీ ఒకే నారింజ రంగువి. చెరొకటి తగిలించుకుని బయల్దేరారు. నడవడమంటే ఇద్దరికీ తెలిసిన పద్ధతి ఒక్కటే. అతను ముందు, ఆవిడ వెనక. ఒక విజిల్ వేస్తే ఆగాలి, రెండు వేస్తే కదలాలి. బండి నడిపేవాడు వెనక్కి చూడకూడదు, వెనక సంగతి కండక్టరు చూసుకుంటుంది. కొండ మీద ఈ చోద్యం చూసి ఎదురొచ్చినవాళ్ళు నవ్వుకున్నారు. మలుపు వచ్చినప్పుడల్లా అతను పొడుగాటి బస్సును తిప్పుతున్నట్టు వెడల్పుగా తిరుగుతుంటే ఆవిడా నవ్వింది.

మొదటి సాయంత్రం గుడారం వేయడానికి తలప్రాణం తోకకొచ్చింది. ఆవిడ మేకు ఇమ్మంటే అతను తాడిచ్చాడు, తాడిమ్మంటే గడ్డిలో చేతులతో తడుముతూ కూర్చున్నాడు. "ఇంజను విప్పి బిగించే మనిషికి ఈ నాలుగు పుల్లలు లొంగడం లేదా" అని వెక్కిరించి తనే బిగించింది. వెలుగు తగ్గేసరికి అతని లోకం ఎంత చిన్నదైపోతోందో ఆవిడకేం తెలుసు. మర్నాడు పొద్దున్న వాగు దాటుతున్నప్పుడు పక్కనే ఉన్న రాయి కనబడక మోకాలి లోతు నీళ్ళలో దిగిపోయాడు. ఆవిడ పడీ పడీ నవ్వింది. కావాలనే దిగానని అతను బుకాయించాడు. తడిసిన ప్యాంటుతోనే రొట్టెలావిడ ముందు కూర్చుని, పొయ్యిలోంచి తీసిన రొట్టెను ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తిన్నారు. అట్టకట్టిన పైపెంకు కరకరలాడింది. అలాంటి పొద్దు తన జీవితంలో ఎప్పుడూ రాలేదని అతనికి అనిపించింది, అనిపించగానే భయమేసింది.

తేనె గుడిసె చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. గుడిసెలో ముసలాయన పట్టు కోసి చెరో ముక్క చేతిలో పెట్టాడు. కండక్టరమ్మ మోచేతుల దాకా తేనె కార్చుకుంటూ తిని, తృప్తిగా నిట్టూర్చింది.

"ఒకటి చెప్పనా? మీరు సాయంత్రం డ్యూటీ మార్పించుకున్నారు చూడండి, అప్పట్నుంచే నాకు అన్నం తిన్నట్టుంది. ఇన్నేళ్ళూ పగటి డ్యూటీ దిగి నేను ఇంటికి, మీరు వేరే కండక్టరుతో ఆరున్నర ట్రిప్పుకి, ఎవరి పళ్ళెం వాళ్ళదే కదా. నాతో కూర్చుని తినడానికే మార్పించుకున్నారని డిపోలో అందరికీ చెప్పుకున్నాను" అంది.

అతని నోట్లో తేనె ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏం జవాబు చెప్పేవాడో. ఆరున్నర ట్రిప్పు అతను మార్పించుకున్నది చీకటికి జడిసి. ఆవిడ దాన్ని ప్రేమ అనుకుని ఏడాదిగా దాచుకుంటోంది. సీసాలో తేనె నింపించుకోవడానికి ఆవిడ లోపలికి వెళ్ళింది. అతను బయట దారి వైపు మొహం పెట్టి నిలబడ్డాడు.

అప్పుడే పై వాలు మీద మేకలు కాసే మనిషెవరో తన కుక్క కోసం రెండుసార్లు విజిల్ వేశాడు.

డ్రైవరు కాళ్ళు కదిలాయి. అతన్ని అడగలేదు, ఆలోచించనూ లేదు. ఇరవై రెండేళ్ళు రెండు విజిళ్ళకు కదిలిన కాళ్ళు అవి. కాసేపటికి వెనక అడుగుల చప్పుడు వినబడింది. తల కొంచెం తిప్పితే కంటి చివర నారింజ రంగు మెరిసింది. ఇంకేం కావాలి, తల ముందుకు తిప్పేసుకున్నాడు.

వెనకనుంచి మాట లేదు. నోరు కట్టుకుని కూర్చోవడం కండక్టరమ్మ ఒంట్లో లేదు. తన మొహం చూసి ఏదో పసిగట్టి అలిగిందనుకున్నాడు. ఆ మౌనం అతన్ని ఉడకబెట్టేసింది. మూడు మలుపులు ఓర్చుకున్నాడు. నాలుగో మలుపులో కట్ట తెగింది.

"నీకు ఒక మాట చెప్పాలి. నడుస్తూనే చెప్తాను, నీ మొహం చూస్తే చెప్పలేను" అని మొదలెట్టాడు. సైకిలాయన సంగతి చెప్పాడు. డాక్టరమ్మ మాటలు చెప్పాడు. జేబులో కాగితం గురించి చెప్పాడు. "ఆరున్నర డ్యూటీ నీ కోసం మానలేదే. కనబడక మానేశాను. నువ్వు వడ్డిస్తుంటే ప్రతి ముద్దా దొంగతనం చేసినట్టే ఉండేది" అన్నాడు. "ఏదో ఒకటి అను. తిట్టయినా తిట్టు."

వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"చాలాసేపట్నుంచి చెబుదామనుకుంటున్నానండి. నేను మీ ఆవిణ్ణి కాదు."

డ్రైవరు నిలువునా తిరిగాడు. నారింజ బ్యాగుతో, గుబురు గడ్డంతో, ఆరడుగుల మనిషి నిలబడి ఉన్నాడు. బళ్ళో భూగోళం చెప్పే మాస్టారట. మొదట ఫోన్లో మాట్లాడుతున్నాడనుకున్నాడట, తర్వాత మధ్యలో ఆపడానికి మనసొప్పలేదట. డ్రైవరు అక్కడున్న బండ మీద కూలబడ్డాడు. పెళ్ళాన్ని గుడిసె దగ్గర వదిలేసి, గడ్డం మాస్టారును పెళ్ళాం అనుకుని, ప్రాణం లాంటి రహస్యం అప్పగించాడు. కళ్ళు ఎంత పోయాయో చెప్పడానికి ఇంకే పరీక్ష కావాలి. ఆ మాట అనుకుంటే అతనికి నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఏడుపైంది. మాస్టారు పక్కన కూర్చుని నీళ్ళ సీసా అందించాడు. ఏ సలహా చెప్పకుండా, ఆవిడ వచ్చేదాకా కూర్చున్నాడు. మంచి మనిషి.

అరగంటకు కండక్టరమ్మ వచ్చింది, ఒక చేత్తో తేనె సీసా, రెండో చేత్తో పక్కటెముకలు పట్టుకుని.

"ఎవరు రైట్ చెబితే కదిలారు?" అంది రొప్పుతూ. "ప్యాసింజర్ని వదిలేసిన డ్రైవర్లని చూశాను గానీ, కండక్టర్ని వదిలేసినవాణ్ణి చూళ్ళేదు."

మాస్టారు లేచి, "మీకు చెప్పాల్సిన మాట ఒకటి పొరపాటున నాకు చెప్పారమ్మా. అది మీదే" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

డ్రైవరు రెండోసారి చెప్పాడు. ఈసారి ఆవిడ మొహం చూస్తూ చెప్పాడు. డ్యూటీ మాట వచ్చినప్పుడు నీళ్ళు నమిలాడు గానీ మింగేయలేదు.

ఆవిడ తేనె సీసా మూత గట్టిగా బిగించింది. "ఏడాది" అంది. "ఏడాదిపాటు రోజూ మీ వీపు చూసి రైట్ ఇచ్చాను. వెనక నలభైమంది. నాకైనా చెప్పాలనిపించలేదా?"

"భయమేసింది."

"నాకు కోపంగా ఉంది. కళ్ళు పోతున్నందుకు కాదు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "నాతో తినడానికి వస్తున్నారనుకున్నాను. పిచ్చిదాన్ని."

ఎండ వాలిపోతోంది. దిగువన రాత్రి బస చేసే ఇంటి కప్పు ఆవిడకు కనబడుతోంది, అతనికి కనబడడం లేదు. ఆవిడ మెడలోంచి విజిల్ తాడు తీసి అతని మెడలో వేసింది.

"ఈ పూట బండి నాది. మీరు వెనక రండి. ఆగాలంటే ఒకటి, కదలాలంటే రెండు. నేను వెనక్కి చూడను."

దిగారు. మసక చీకట్లో అతనికి నారింజ రంగు మచ్చ తప్ప ఏమీ లేదు. అది ఎడమకు జరిగితే ఎడమకు, ఆగితే ఆగడం. అడుగు అందనప్పుడు ఒక విజిల్ వేశాడు. మచ్చ ఆగింది. కాలితో రాయి వెతుక్కుని, నిలదొక్కుకుని రెండు వేశాడు. మచ్చ కదిలింది. ఒక్కసారి కూడా ఎందుకాపావని అడగలేదు, తల తిప్పలేదు. ఇన్నేళ్ళూ తాను వెనక్కి చూడకుండా బండి నడిపింది ధైర్యం వల్ల కాదని, వెనక ఈవిడ ఉండబట్టేనని అతనికి అప్పుడు అర్థమైంది.

బస ఇంటి అరుగు మీద కూర్చున్నాక ఆవిడ చెయ్యి చాపింది. "చేతులు జిగటగా ఉన్నాయి. ఆ కాగితం ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. ఆవిడ తేనె చేతులు దానికి శుభ్రంగా తుడుచుకుని ఉండ చుట్టి పారేసింది.

"నాకు నోటికొచ్చుగా" అన్నాడతను, దాచకుండా.

"తెలుసు. అది మీ ఇష్టం" అందావిడ. ఆ తర్వాత లోపలికి వెళ్ళి అటు తిరిగి పడుకుంది.

సోమవారం డిపో డాక్టరు గదిలో బోర్డు ఎప్పటిలాగే గోడకు వేలాడుతోంది. పడుచు డాక్టరు పుల్లతో పై వరస చూపించింది. చదివాడు. రెండో వరస, కళ్ళు చికిలించి చదివాడు. మూడో వరస మీద పుల్ల పడింది. అక్షరాలన్నీ నాలుక చివర వరసగా నిలబడి ఉన్నాయి, తలుపు తీస్తే దిగిపోవడానికి తయారుగా. కండక్టరమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. గోడ అవతల నుంచి ఏ చప్పుడూ లేదు.

"చదవండి" అంది డాక్టరు.

"నోటికొచ్చండి. కంటికి రావట్లేదు. ఇక్కడ ఆగిపోతాను."

డాక్టరు పుల్ల కిందికి దించి, కుర్చీ చూపించి, మెల్లగా ప్రశ్నలు వేయడం మొదలెట్టింది. బయటికొచ్చేసరికి గంట పట్టింది. చేతిలో రెండు కాగితాలు. బండి ఎక్కకూడదని ఒకటి, డిపోలో బస్సుల వేళలు చూసే బల్ల దగ్గర పని ఇవ్వొచ్చని ఒకటి. ఆవిడ రెండూ చదివి, మడిచి, తన తోలు సంచిలో పెట్టుకుంది.

"ఏడిచారా?"

"కొంచెం."

"ఆ పని పగటిపూటే" అన్నాడతనే మళ్ళీ, బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చుని. "సాయంత్రం ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటాను. నీతో కూర్చుని తినడానికే. చీకటి సంగతి దీంట్లో లేదు."

ఆవిడ అతని వైపు చూసింది. కొండ దిగినప్పట్నుంచీ బిగుసుకుని ఉన్న మొహం వదులైంది. అతని మెడలో ఇంకా వేలాడుతున్న విజిల్ అందుకుని, తనే రెండుసార్లు ఊదింది. పక్క గదిలో గుమాస్తా తలెత్తి చూశాడు. డ్రైవరు లేచి, తలుపు వైపు నడిచాడు.