మూడో పాఠం

పాలు పొంగేలోపు పేజీ తెరుచుకోవాలి. అదీ ఆమె పెట్టుకున్న పరీక్ష. సాయంత్రం బడి నుంచి రాగానే చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, అత్తగారి పాత ఫోన్ అందుకుంటుంది. ఓ మూల అద్దం పగిలి, ఏ పనైనా ఆలోచించి ఆలోచించి గానీ చేయని ఫోన్ అది. పాలు పైకి రాకముందే అందులో తన పాఠం కనబడితే, ఆరో తరగతి పిల్లల ఇళ్ళల్లో ఏ ఫోన్లోనైనా కనబడుతుందని ఆమె లెక్క. ఆ పిల్లల్లో చాలామందికి సొంత ఫోన్ లేదు. అమ్మదో అమ్మమ్మదో, వాళ్ళు పని నుంచి ఇంటికొచ్చాక కాసేపు చేతికొస్తుంది. ఆ కాసేపూ గిరగిరా తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చుంటే ఇక చదివేదెప్పుడు?

ఆమె సైన్సు టీచరు. వెబ్‌సైటు కట్టడం ఎవరూ నేర్పలేదు. ఉచితంగా దొరికే సైటొకటి ఉంది, అందులో ఖాళీ పెట్టెలు ఇస్తారు. వాటిని లాక్కొచ్చి ఒకదాని కింద ఒకటి పేర్చుకోవడమే, ఒక పెట్టెలో మాటలు, ఒక పెట్టెలో బొమ్మ. వంటింటి కిటికీలో గాజు గ్లాసులో చిక్కుడు గింజ మొలకెత్తుతుంటే రోజుకో ఫొటో తీసి పేర్చింది. "మీ పేజీ చదివితే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది టీచర్" అని ఒక పిల్ల తల్లి గేటు దగ్గర ఆపి మరీ చెప్పింది. ప్రతి పాఠం చివరా పిల్లలు సందేహాలు రాయడానికి ఒక పెట్టె, దాని కింద ఒకే ఒక్క నియమం: జవాబు చెప్పకూడదు, జవాబు ఎక్కడుందో చెప్పొచ్చు. ఎవరో ఏదో అడుగుతారు, ఇంకెవరో 'రెండో పాఠంలో వేరు బొమ్మ చూడు' అని రాస్తారు. మర్నాటిదాకా ఆమె నోరు మెదపదు. తను చెప్పేస్తే టీచరుకి తెలిసినట్టు, పిల్ల వెతుక్కుంటే పిల్లకి తెలిసినట్టు అని ఆమె నమ్మకం.

ఇంట్లో దీనికి 'బొమ్మలాట' అని పేరు. భర్త పెట్టాడు. "నీ బొమ్మలాట అయ్యాక కాస్త టీ ఇస్తావా?" అంటాడు, నవ్వుతూనే. అతను చెడ్డవాడు కాడు. ఆ సంగతి ఆమె ఎక్కడ మరిచిపోతుందోనని చుట్టాలందరూ గుర్తుచేస్తూ ఉంటారు. అరవడు, తాగడు, చెయ్యెత్తడు. ఆఫీసులో పాతికమంది పని సర్దిపెట్టే మనిషి, ఇంట్లో చెంచా ఎక్కడుందో తెలియదు. ఎప్పుడైనా ఆమె నిట్టూరిస్తే చాలు, "చెప్పొచ్చుగా, చెప్తే చేస్తాగా" అంటాడు. చెప్పడమూ ఒక పనేనని, చేయడం కంటే చెప్పడానికే ఒక్కోసారి ఎక్కువ ఓపిక కావాలని అతనికి ఎలా చెప్పాలో ఆమెకు ఇన్నేళ్ళలో తట్టలేదు. ఈలోపు అత్తగారు "వాడికేం తెలుసే పాపం" అంటూ మోకాళ్ళు పట్టుకుని లేచి, చెంచా తెచ్చి కొడుకు చేతిలో పెడుతుంది.

అత్తగారిది ఐదో తరగతితో ఆగిన చదువు. "నా ఫోన్‌లో నువ్వేం పెడుతున్నావో నాకు తెలియొద్దా?" అని కళ్ళజోడు పెట్టుకుని పాఠాలు చదవడం మొదలెట్టింది. ఒకరోజు ఫోన్‌ని నోటి దగ్గర పెట్టుకుని, "ఆకు రాత్రిపూట ఏం తింటుంది?" అని అడిగింది. ఫోన్ ఆ మాటను రాసి ఆవిడ పేరుతో సందేహాల పెట్టెలో వేసింది. ఎవరో పిల్లాడు 'నాలుగో పాఠం చూడండి బామ్మగారూ' అని రాశాడు. ఆవిడ వెతికి పట్టుకుంది. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ ఆకు సంగతి చెప్పి గానీ కుర్చీ చూపించలేదు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం పెద్దమేడమ్ ఆమెను గదిలోకి పిలిచింది. ఆరో తరగతి మార్కులు చూశానంది. అన్ని తరగతులకూ, అన్ని సబ్జెక్టులకూ ఇలాంటి పేజీలు కావాలంది. వారానికి మూడు సాయంత్రాలు బడి అయ్యాక ఆగి, మిగతా టీచర్లకు నేర్పాలి. సైటు బాధ్యత మొత్తం ఆమెది. "నీకు కుదరకపోతే కంప్యూటర్ సార్ చూసుకుంటానన్నారు. ఇంట్లో అడిగి సోమవారం చెప్పమ్మా" అంది.

కంప్యూటర్ సార్ సైట్లు ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు. అక్షరాలు ఎగురుతాయి, పూలు రాలుతాయి, ముందుగా యాజమాన్యం వారి నిలువెత్తు ఫొటో దిగుతుంది. అది దిగేలోపు పాలు పొంగడం కాదు, తోడుకుంటాయి కూడా. పిల్లలు రెండు రోజులు ప్రయత్నించి మానేస్తారు. అంతకంటే ఆమెకు గుచ్చుకున్నది ఆ చివరి మాట. కంప్యూటర్ సార్‌ని ఇంట్లో అడిగి చెప్పమని ఎవరూ అనలేదు. ఆయన చూసుకుంటానన్నాడు, అంతే. ఆయన ఇల్లు ఎలాగూ ఎవరో ఒకరు చూసుకుంటారు. వరండాలో నడుస్తుంటే ఆమెకు ఒళ్ళు మండింది, ఆపైన భయమూ వేసింది. ఎందుకంటే ఈ పని ఆమెకు కావాలి. పెళ్ళయ్యాక ఇంతగా ఏదీ కావాలనుకోలేదు.

ఆ సాయంత్రం కూర తరుగుతూ చెప్పింది.

"మూడు సాయంత్రాలా?" అన్నాడు భర్త. "మరి ఇల్లు?"

"ఇల్లెక్కడికి పోతుంది? ఇక్కడే ఉంటుంది."

"వేళాకోళం కాదు. అన్నం ఎవరు వండుతారు? అమ్మకి మందులెవరిస్తారు? నాకు ఒక్కటీ రాదుగా. నేర్పితే చేయనన్నానా?"

"మగాడికి ఇవన్నీ ఏం నేర్పుతావే" అంది అత్తగారు గుమ్మంలోంచి.

ఆమె కత్తి ఆపింది. ఇన్నేళ్ళుగా విన్న మాటే, ఆ రోజు మాత్రం టీచరు చెవితో వింది. రాదు, నేర్పితే చేస్తాను. ఆరో తరగతిలో వెనక బెంచీ పిల్లాడు ఆ మాటంటే తను ఏం చేస్తుంది? పాపం అనుకుని వాడి పరీక్ష తనే రాసిపెడుతుందా?

"సరే" అంది. "నేర్పుతాను."

ఆ వారం ఖాళీ పీరియడ్లన్నీ దానికే పోయాయి. అదే సైటు, అవే పెట్టెలు, సందేహాల పెట్టె కింద అదే నియమం. మొదటి పాఠం, పాలు. రెండో పాఠం, వంటింటి అలమరలు: తలుపు తీసిన ఫొటో, మూసిన ఫొటో, ఏ డబ్బాలో ఏముందో పక్కనే. మూడో పాఠం, బియ్యానికి ఎన్ని నీళ్ళు. తర్వాత అత్తగారి మందులు, నానబెట్టే బట్టలు, నానబెట్టకూడని బట్టలు. చకచకా అయిపోతుందనుకుంది. పేర్చేకొద్దీ పేజీ కిందికి దిగుతూనే ఉంది. ఒకచోట చెయ్యి ఆగిపోయింది. సబ్బు అయిపోవస్తోందని గమనించడాన్ని ఫొటో ఎలా తీయాలి? అత్తగారు రెండు ముద్దలు తక్కువ తిన్నదని కంచం చూసి పట్టుకోవడం ఏ పెట్టెలో పెట్టాలి? రోజంతా తన బుర్రలో సన్నగా మోగుతూ ఉండే ఆ మోత, బ్లాక్‌బోర్డు మీద బొమ్మ గీస్తున్నప్పుడు కూడా ఆగని మోత, అదంతా పనే అన్నమాట. స్టాఫ్ రూమ్‌లో ఒక్కతే కూర్చుని ఆమె కాస్త ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని చివరి పాఠానికి పేరు పెట్టింది: 'ఎవరూ చెప్పకుండానే చూడడం'. దాని కింద పెట్టె ఖాళీగా వదిలేసింది. అది అతనే నింపుకోవాలి.

ఆదివారం పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, అత్తగారి ఫోన్‌లో ఆ పేజీ తెరిచింది. పాలు పొంగలేదు. పేజీ తెరుచుకుంది. భర్త ఫోన్‌కీ పంపింది.

అతను చూసి పెద్దగా నవ్వాడు. "నన్ను బళ్ళో వేశావన్నమాట."

"నేర్పమన్నావుగా."

"సరదాకి అన్న మాట పట్టుకుని..." అని ఆమె ముఖం చూసి ఆగాడు. "ఇదంతా చేయడం కంటే సార్‌కి వదిలేస్తే పోయేదిగా? చిలికి చిలికి గాలివాన చేస్తున్నావు."

"ఆ పని నేనే చేస్తాను. రేపట్నుంచి సోమ, బుధ, శుక్రవారాలు నేనొచ్చేసరికి ఏడవుతుంది. పాఠాలన్నీ అందులో ఉన్నాయి. ఏదైనా అర్థం కాకపోతే చివర్న సందేహాల పెట్టె ఉంది, అందులో అడుగు. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తను, క్లాసులో ఉంటాను."

అత్తగారు కళ్ళజోడు కోసం వెతుక్కుంది.

సోమవారం పెద్దమేడమ్, "ఇంట్లో అడిగావా?" అంది.

"అడగలేదు మేడమ్, చెప్పాను."

పెద్దమేడమ్ సొరుగులోంచి కంప్యూటర్ గది తాళంచెవి తీసి ఇచ్చింది.

సాయంత్రం ఆ గదిలో ఆరుగురు టీచర్లు కూర్చున్నారు. లెక్కల టీచరు మొదటి పెట్టె లాక్కొచ్చి, చెయ్యి తీస్తే ఎక్కడ పడిపోతుందోనని మౌసు గట్టిగా పట్టుకుని కూర్చుంది. "వదిలేయండి, పడదు" అని నవ్వుతుండగా బల్ల మీద ఫోన్ మోగింది. ఇంటి నుంచే. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. అప్పుడూ ఎత్తలేదు. మూడోసారి మోగలేదు. ఎవరో పేజీలో సందేహం రాశారని చిన్న గుర్తు వెలిగింది.

'బియ్యం కడిగాను. నీళ్ళెన్ని?'

వేలు తనంతట తానే తెర మీదికి వెళ్ళింది. ఒక్క ముక్క జవాబు. రాసిపడేస్తే గొడవ వదిలిపోతుంది, ఇంట్లో అందరూ వేళకు తింటారు, తను మంచిది అనిపించుకుంటుంది. ఆ ఒక్క ముక్క రాస్తే రేపు ఇంకో ముక్క, ఎల్లుండి ఇంకోటి, చివరికి ఈ గది తాళం కంప్యూటర్ సార్ చేతిలో ఉంటుంది. వేలు వెనక్కి తీసుకుంది. ఇక అత్తగారే లేస్తుంది, మోకాళ్ళు పట్టుకుని, "వాడికేం తెలుసే పాపం" అంటూ. ఎప్పుడూ జరిగేది అదే. దాన్ని ఇక్కడి నుంచి ఆపడం తన వల్ల కాదు. ఫోన్ బోర్లించి లెక్కల టీచరు దగ్గరికి వెళ్ళింది.

ఆ పేజీ ఒక కొలిక్కి వచ్చాకే మళ్ళీ ఫోన్ తీసి చూసింది. భర్త ప్రశ్న కింద ఒక జవాబు ఉంది. అత్తగారి ఫోన్ నుంచి, నోటితో చెప్పి రాయించిన మాటలు.

'మూడో పాఠం చూడరా. నేను లేవను. జవాబు చెప్పకూడదని కింద రాసుంది.'