పచ్చ చుక్క

బుచ్చిరాములు కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పి గోడకు ఆనించి, ఫ్యాను రెక్కల సందుల్లోని దుమ్మును బ్రష్షుతో దులుపుతున్నాడు. దుమ్ము బూడిదరంగు దూదిలా ఊడి, కింద పరిచిన పాత పేపర్లో పడుతోంది. ముక్కుకు చేతిరుమాలు కట్టుకున్నాడు. అతని కుడి బొటనవేలికి గోరు సగమే ఉంటుంది. ఎప్పుడో స్క్రూడ్రైవర్ జారి విరిగింది, మళ్లీ సరిగా పెరగలేదు.

"పోయిన నెల కూడా ఈ వైరస్ మీరే తీశారు కదండీ. మళ్లీ వచ్చేసింది," అంది ఇంటావిడ త్రిపురసుందరి, కాఫీ గ్లాసు చిల్కానగర్ వీధి కనిపించే కిటికీలో పెడుతూ. "ఏది తెరిచినా పేకాట ప్రకటనే. నువ్వు ఆడబట్టే వస్తోందని మా ఆయన నన్నే అంటున్నారు."

"ఆడుతలేరా మేడం?"

"అప్పుడప్పుడూ," అంది ఆవిడ గొంతు తగ్గించి.

"పోయినసారి పైపైన తీసిన. ఇది మొండిది. మనం తీసేస్తే, ఎనక దాక్కున్నది ఇంకోటి మళ్ల తెచ్చి పెడ్తది. ఆ పెట్టేదాన్ని పట్టుకోవాలె. గప్పుడు పోతది."

డబ్బా బిగించి, కంప్యూటర్‌ను మళ్లీ వెలిగించి, పెట్టేదాని కోసం వెతకసాగాడు. పోలీసు బట్టలేసుకున్న దొంగలా, మంచి పేరు పెట్టుకుని మంచి ఫైళ్ల మధ్య కూర్చుని ఉంటుంది అది. ఓపికగా ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. ఈ ఓపిక బుచ్చిరాములు ఎవరి దగ్గరా చదువుకున్నది కాదు. జనగామ పక్క పల్లె నుంచి వచ్చి, నాచారంలో రిపేరు షాపు ఊడ్చే పనిలో చేరి, మేస్త్రీల భుజాల మీదుగా చూసి నేర్చుకున్నాడు. జుట్టు నెరిసినా ఇప్పటికీ షాపుకు ఫోన్ చేసేవాళ్లు "ఆ రిపేరబ్బాయిని పంపండి" అంటారు.

చేతులు ఇక్కడ పని చేస్తున్నాయి కాని, మనసంతా ఉప్పల్లో తన ఇంటి కంప్యూటర్ మీదే ఉంది. దాన్లోనూ ఒక మొండిది ఉంది. రెండుసార్లు తీశాడు. రెండుసార్లూ సాయంత్రానికల్లా వచ్చి కూర్చుంది. తెర అడుగున ఒక మూల పచ్చ చుక్కలా వెలుగుతుంది. అది వెలుగుతున్నంతసేపూ తెర మీది పనిని ఫోటోలు తీసి, ఎక్కడో ఉన్న ఆఫీసుకు పంపుతుంది.

దాన్ని మళ్లీ తెచ్చి పెట్టేది ఎవరో అతను వెతకనక్కర్లేదు. అతని భార్య త్రివేణి.

మల్లాపూర్‌లో ఆమె మందుబిళ్ళలు డబ్బాల్లో సర్దే ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు, ఆ కంప్యూటర్‌ను తెచ్చి పెట్టింది బుచ్చిరాములే. ఒకరు పారేసిన మానిటర్, ఇంకొకరు వద్దన్న కీబోర్డు. వేలు పట్టి అక్షరాలు కొట్టించాడు. ఏ వైరు ముందు పీకాలో, ఏది తర్వాతో చూపించాడు. ఆమె ఇంట్లోంచే ఇన్సూరెన్సు ఫారాలు టైపు చేసే పని సంపాదించుకుంది. మొదటి జీతంతో పాత డబ్బా తీసేసి కొత్తది కొనుక్కుంది. అతన్ని అడగలేదు. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు.

ఆ తర్వాత ఉమామహేశ్వర్ సార్ వచ్చాడు. మనిషి రాలేదు, ఆఫీసు నుంచి కంప్యూటర్లో గొంతు వచ్చింది. రోజూ పొద్దున్నే "త్రివేణి గారూ, నిన్నటి ఫైల్లో ఒక్క తప్పు లేదండీ" అంటుంది ఆ గొంతు. త్రివేణి తలస్నానం చేసి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, నుదుట మెరూన్ బొట్టుబిళ్ళ పెట్టుకుని మానిటర్ ముందు కూర్చుని, "థాంక్యూ సార్" అని నవ్వుతుంది. ఆ 'గారూ' బుచ్చిరాములు గొంతులో చేపముల్లులా దిగింది. చెప్పులు వేసుకుంటూ గడప దగ్గర ఆగి వింటాడు. మానిటర్ నెత్తిన బిగించిన చిన్న కెమెరా గుర్తొస్తుంది. తను స్కూటర్ మీద దుమ్ములో ఉండే వేళ, ఆ తడి జుట్టునూ ఆ నవ్వునూ వేరే ఎవడో చూస్తుంటాడు.

"పోయిందాండీ?" అంది త్రిపురసుందరి.

"ఏరుతోని సహా పోయింది మేడం."

షాపుకు వెళ్లకుండా స్కూటర్‌ను నేరుగా ఉప్పల్‌కు తిప్పాడు. ఆ వేళకు త్రివేణి అన్నం తిని కూరగాయలకు పోతుంది. తాళం తీసి లోపలికి వెళ్లాడు. మానిటర్‌కు దుమ్ము పడకుండా ఆమె పూల గుడ్డ కప్పి ఉంచింది. గుడ్డను తెర మీద నుంచి మాత్రమే పైకి మడిచాడు. కెమెరా మీద నుంచి తీయలేదు, తన మొహం ఆ సార్‌కు కనబడకూడదని. ఇంతకుముందు రెండుసార్లూ అలాగే చేశాడు. ఈసారి పచ్చ చుక్కను తీసేయడమే కాదు, ఎవరెంత ప్రయత్నించినా మళ్లీ ఎక్కకుండా దారి మూసేశాడు. గుడ్డ ఎప్పటిలా దించి, తాళం వేసి, దిగిపోయాడు.

సాయంత్రం ఆమెకు ఇష్టమని మిర్చి బజ్జీలు కట్టించుకుని వచ్చాడు. త్రివేణి నీలం తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"కూరగాయలు తెచ్చి సూస్తే చుక్క లేదు," అంది. "సార్ మళ్ల పంపిండు. ఎక్కుతలేదు. పగటి సంది నేను పనే చేస్తలేనని ఆఫీసుల పడ్డది. రేపు పొద్దుగాల చుక్క ఎలగకపోతే నా పని ఇంకొకలకు ఇస్తరట."

"పోతె పోనీ. అది వైరస్. నీకు తెల్వదు."

"నాకు తెల్వదా? ఇంతకుముందు తీసింది గూడ నువ్వేనని తెలుసు. దినాం తీసే పనే గదా, అలవాటుల తీసినవేమో అనుకున్న."

"ఎవడో పొద్దంత నిన్ను సూస్తుంటే నేను ఊకోవాల్నా?"

"ఆళ్లు ఫారాలు సూస్తరయ్యా. నా మొకంల ఏముందని సూస్తరు? నువ్వే సూడవు." గొంతు పెంచలేదు. "మళ్ల ఎక్కియ్యి. నీకు నిమిషం పని."

బజ్జీల పొట్లం ఇంకా అతని చేతిలోనే ఉంది. "ఎక్కిస్త," అన్నాడు. "ఆ సార్‌తోని మాట్లాడుడు బంద్ జేస్తవా?"

త్రివేణి లేచి కంప్యూటర్ ఆపింది. ముందు డబ్బా కరెంటు వైరు తీసింది, తర్వాత తెర వైరు, ఆఖరున చిన్న వైర్లు. అతను నేర్పిన వరుసలోనే. పూల గుడ్డ లాగి, డబ్బాకూ కీబోర్డుకూ కలిపి చుట్టి ముడేసింది.

"యాడికి?"

"అంబర్‌పేట్. అక్కోళ్లింట్ల టీవీకి తగిలించుకుంట. అంత తుడిచి కొత్తగ ఎక్కించుకోమన్నడు సార్."

"అది నీతోని యాడైతది?"

"నువ్వే నేర్పినవ్ గద."

"ఇటియ్యి. బరువుంటది."

"వద్దు."

మెట్ల మీద ఆమె అడుగులు నెమ్మదిగా దిగాయి. కింద ఆటో ఆగిన చప్పుడు, మళ్లీ కదిలిన చప్పుడు. ఎప్పుడొస్తావని అడగడానికి అతను కిటికీ దాకా వెళ్లేసరికి ఆటో మలుపు తిరిగింది.

బజ్జీల నూనె కాగితం దాటి అరచేతికి అంటింది. పొట్లం బల్ల మీద పెట్టాడు. సిగ్నల్ లేదన్న అక్షరాలు మానిటర్ మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఆపుదామని వంగాడు. గుడ్డ లేని మానిటర్ నెత్తిన కెమెరా మొదటిసారి అతనికి దగ్గరగా కనిపించింది.

దాని కన్ను మీద ఏదో అతికించి ఉంది. వేలు పెట్టబోయి ఆగాడు. చుట్టూ అంచున దుమ్ము సన్నని వలయంలా పేరుకుని, గట్టిపడి ఉంది. అది నిన్నటి దుమ్ము కాదు, మొన్నటిదీ కాదు. దుమ్ము వయసు అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

నల్లటి కెమెరా కన్ను మీద, దాన్ని పూర్తిగా మూసేస్తూ, మెరూన్ రంగు బొట్టుబిళ్ళ.