నర్సవ్వను శంకించిన ఎముకల గూడు

నేను ఒక ప్లాస్టిక్ ఎముకల గూడును. మీ నడుముకు దిగువన, తొడలకు ఎగువన ఉండే గిన్నెలాంటి ఎముకకు నకలును. అడుగున ఎర్ర రబ్బరుతో కండరాలు కూడా అతికించారు. ఢిల్లీలో ఏదో షెడ్డులో నన్ను అచ్చుపోసినవాడు నావైపు ఒక్కసారి చూసి, గబగబా పాత కాగితంలో చుట్టేశాడు. మనుషులకు తమ ఒంట్లో ఈ భాగమంటే గిట్టదని అప్పుడే అర్థమైంది. ఆనాటి నుంచి నేనెవరినీ నమ్మను.

నన్ను కొన్న ఫిజియోథెరపీ కాలేజీవాళ్లు బీరువాలో పెట్టి తాళం వేశారు. భుజం బొమ్మ, మోకాలి బొమ్మ మాత్రం బల్లమీద దర్జాగా కూర్చున్నాయి. ఆ తాళం తీయించింది శోభారాణి. అక్కడే చదివి, జగిత్యాలలో క్లినిక్ పెడుతూ, వాడని బొమ్మే కదా అని కాలేజీవాళ్లను అడిగి నన్ను తెచ్చుకుంది. దగ్గినా తుమ్మినా మూత్రం జారే ఆడవాళ్లకు వ్యాయామం నేర్పుతానంది. ఎవరొస్తారులే అనుకున్నాను. వచ్చారు, కాని చీటీ మీద మోకాళ్ల నొప్పి అని రాయించుకుని!

బీడీలు చుట్టే నర్సవ్వ కూడా అలాగే వచ్చింది, వెంట ఆడబిడ్డతో. అక్కడి రివాజు అది. అడిగేది నర్సవ్వను, జవాబు చెప్పేది ఆడబిడ్డ. గర్భసంచి తీసేస్తే తగ్గిపోతుందని ఎవరో డాక్టరు చెప్పాడట.

"దానికీ దీనికీ సంబంధం లేదక్కా" అంది శోభారాణి.

"కోతంటే నాకు భయం మేడం. మూడు నెలలు ఆగుత. నీతోని అయితదా?" అంది నర్సవ్వ.

శోభారాణి నా ఎర్ర రబ్బరును వేలితో పైకెత్తి, "ఇట్ల పైకి గుంజాలె" అని చూపింది. ఆడబిడ్డ ఎదురుగా ఉండేసరికి, నర్సవ్వను పరీక్షించి చూడటానికి మొహమాటపడింది. బొమ్మతోనే సరిపెట్టింది.

మూడు నెలలు గడిచాయి. జారడం తగ్గకపోగా పెరిగింది. రోజూ చేస్తున్నానంది నర్సవ్వ. శోభారాణి నమ్మలేదు. నేనైతే అసలే నమ్మలేదు. మాటలు కోటలు దాటే బాపతు అనుకున్నాను. ఆడబిడ్డ పెదవి విరిచి, "సోమారం ఆపరేషన్ జేపిస్తం తియ్యి" అంది.

నర్సవ్వకు ఒళ్లు మండింది. "నువ్వు బయట కూసో పో" అని ఆడబిడ్డను పంపేసింది. నన్ను ఒళ్లోకి లాక్కుంది. ఊపిరి బిగబట్టి, ముఖం ఎర్రబడేదాకా బలం పెట్టి, నా రబ్బరును బొటనవేలితో నొక్కింది. కిందికి!

"గిట్లనే చేస్తున్న. దినాం నలభై సార్లు."

శోభారాణి ముఖం పాలిపోయింది. పైకి గుంజాల్సినదాన్ని ఆ మనిషి తొంభై రోజులు ఓపికగా కిందికి తోసింది.

"తప్పు నాదక్కా. ఒక్కనాడన్న పరీక్ష చేసి చూడలే" అంది. ఆ పూట అడిగి, ఒప్పించి, పరీక్షించి సరిదిద్దింది. ఇంకో మూడు నెలలు ఆగుతావా అని బతిమాలింది.

ఈసారి అనుమానించడం నర్సవ్వ వంతు. శోభారాణిని ఎగాదిగా చూసి, "సరే, ఆగుత" అంది. ఆగింది. చివరికి ఆపరేషన్ అవసరమే పడలేదు.

ఇప్పుడు శోభారాణి ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతోంది. నేనూ బల్లమీదికెక్కాను. మొన్న క్లాసుకు నర్సవ్వను పిలిపించింది. నర్సవ్వ నన్ను చేతుల్లోకి తీసుకుని పిల్లలవైపు తిరిగింది.

"బిడ్డా, రోగం తగ్గకుంటె, చెప్పింది చేస్తలేరని మామీద నింద వెయ్యకుండ్రి. చేస్తనే ఉంటం. ఎట్ల చేస్తున్నమో జర చూడుండ్రి."

శోభారాణి తల వంచుకుంది. నాకూ తల అనేది ఉంటే వంచుకునేదాన్ని.