చేపకళ్ళు

హిగా నేల తడుపుతున్నాడు. పూత గదిలో దుమ్ము లేవకుండా పొద్దున్నే నీళ్ళు చల్లడం అతని మొదటి పని. తర్వాత చొక్కా విప్పి తలుపు బయట తగిలిస్తాడు. బట్టలోంచి నూలుపోగు ఒక్కటి రాలి జిగురులాంటి తడి రెజిన్ పూత మీద పడినా, అలల మీద స్వారీకి చేసే ఆ సర్ఫుబోర్డు పని మళ్ళీ మొదటికొస్తుంది. అరవై దాటిన మనిషి, పొట్ట కాస్త జారింది. రెజిన్ వదిలించే ఎసిటోన్‌తో కడిగీ కడిగీ చేతులు తెల్లగా పాలిపోయాయి, వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చీలింది. సముద్రపొడ్డున వయాలువా ఊళ్ళో పాత చక్కెర మిల్లు షెడ్డులో అతను ముప్పై ఏళ్ళుగా చేసేది ఒకటే, బోర్డుకి ఆఖరి మెరుపు పూత పుయ్యడం. బోర్డు చెక్కినవాడు దాని మీద పెన్సిలుతో సంతకం పెడతాడు. ఆ సంతకం మీద అద్దంలాంటి పూత పోసేవాడి పేరు ఎవరికీ అక్కర్లేదు. హిగాకీ అక్కర్లేదు. తన పూతలో వంక లేదన్న మాట ఉంటే చాలు.

రెండు వారాలుగా ఆ మాట పోయింది. పూత పోసిన కాసేపటికి రెజిన్ అక్కడక్కడా వెనక్కి జరిగి గుండ్రటి గుంటలు పడుతున్నాయి. పనివాళ్ళు వాటిని చేపకళ్ళంటారు. బోర్డు మీద కంటికి కనపడనంత నూనె ఉన్నా అక్కడ రెజిన్ అంటుకోదు. హిగా కుంచెలు మార్చాడు, కొత్త డబ్బా తెరిచాడు, గాలి గొట్టం విప్పి చూశాడు. కళ్ళు తేలుతూనే ఉన్నాయి. ఇక అనుమానించడానికి మిగిలింది మనుషులే. పూతకు ముందు బోర్డుని సానపట్టేది పక్కగది మెడైరోస్. పొద్దున్నే వేయించిన సాసేజీలు వేళ్ళతో తినే మెడైరోస్.

"ఇంకెవరివి? వాడి జిడ్డు చేతులే" అని హిగా అందరి ముందూ అనేశాడు.

యజమాని వెండెల్ కుర్రవాడు, షెడ్డు తండ్రి నుంచి వచ్చింది. "అంకుల్, కొంచెం చేతులు బాగా కడుక్కుని ముట్టుకోండి" అని మెడైరోస్‌తో మర్యాదగానే చెప్పాడు. తిట్టి ఉంటే మెడైరోస్ తిరిగి తిట్టి మర్చిపోయేవాడు. అతని పనితనమంతా అరచేతిలో ఉంది. యంత్రం ఆపి, ఒట్టి అరచెయ్యి బోర్డు పొడుగునా మెల్లగా పోనిచ్చి, కంటికి అందని మిట్టలు పట్టేస్తాడు. ఆ చేతినే హిగా పదిమందిలో తప్పుపట్టాడు.

ఆ పొద్దున హిగా పరీక్ష పెట్టాడు. సానపట్టిన ఫైబర్ పలక మధ్యలో టేపు అంటించి, ఒక సగం మీద మెడైరోస్‌ని చెయ్యి రాయమన్నాడు.

"వేలిముద్రలు తీస్తున్నావేంట్రా?" అన్నాడు మెడైరోస్. "జైల్లో వేసేటట్టయితే కిటికీ పక్కన మంచం ఇప్పించు. సముద్రం కనపడాలి నాకు."

రెండో సగం మీద హిగా తన చెయ్యి రాశాడు. మెడైరోస్ తన గదికి వెళ్ళాక రెజిన్ పోశాడు. ముక్క గట్టిపడగానే అందరికీ చూపించాలని అతని ఆశ. చెడ్డ ఆశే.

మెడైరోస్ సగం తేటగా పరుచుకుంది. హిగా సగంలో కళ్ళు తెరుచుకున్నాయి, ఒకదాని పక్కన ఒకటి.

హిగాకి ముందు అర్థం కాలేదు. తర్వాత చెయ్యి వాసన చూసుకున్నాడు. పగుళ్ళకని రెండు వారాల కిందట భార్య ఫ్లోరెన్స్ తెచ్చిన నూనె లేపనం. రోజూ పనిలోకి వచ్చే ముందు ట్రక్కులో కూర్చుని, ఎవరూ చూడకుండా రాసుకుంటున్నాడు. ఎందుకు దాచాడంటే, అంతకుముందు మెడైరోస్ ఎండకని ముఖానికి క్రీము రాసుకుంటుంటే "పెళ్ళికూతురా" అని షెడ్డంతా వినపడేలా వెక్కిరించింది తనే. ఇప్పుడు సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. పలకని చెత్తబుట్టలో వేసి పైన కాగితాలు కప్పాడు. కప్పుతుంటే ఇంకా సిగ్గేసింది, అయినా కప్పాడు.

కాఫీ వేళకి మెడైరోస్ వచ్చాడు. "ఏం తేలింది?"

"ఇంకా గట్టిపడలా."

"నీ రెజినూ నీలాగే మొండిది." నవ్వి, కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. "ఒరే హిగా, నా చేతులదే తప్పయితే చెప్పెయ్. కోపం లేదు. రాత్రి నిద్రపట్టలేదురా. వెండెల్ వాళ్ళ నాన్న కూడా నన్నెప్పుడూ చేతులు కడుక్కోమన్లా."

నిజం హిగా నోటి దాకా వచ్చింది. "మధ్యాహ్నం చెప్తాలే" అన్నాడు.

ఆ పొద్దున మెడైరోస్ సానపట్టి పంపిన బోర్డు ఒకటి పూయాల్సి ఉంది. అది పుయ్యగానే చెప్పెయ్యాలని ఒట్టు పెట్టుకున్నాడు. చేతులు సబ్బుతో, ఎసిటోన్‌తో, మళ్ళీ సబ్బుతో మండేదాకా కడిగాడు. మధ్య గోడకి అవతల మెడైరోస్ ఇంకో బోర్డు మీద యంత్రం నడుపుతున్నాడు. అది ఆపాక అతను గోడ మీద రెండు దెబ్బలు కొడతాడు. దుమ్ము ఆగింది, పోసుకో అని అర్థం.

యంత్రం ఆగింది. హిగా రెజిన్‌లో గట్టిపరిచే మందు కలిపాడు. అవతల ఏదో కింద పడింది. గోడ మీద దెబ్బలు మాత్రం వినపడలేదు. అలిగాడు, అనుకున్నాడు హిగా. మందు కలిపిన రెజిన్ ఎవరికోసమూ ఆగదు, నిజమే. కానీ అతను వెళ్ళకపోవడానికి అదొక్కటే కారణం కాదు. వెళితే చెప్పాలి. ఇంకాసేపు చెప్పక్కర్లేదు కదా అని లోపల హాయిగా అనిపించింది. బోర్డు మీద రెజిన్ పోసి, కుంచె నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగాడు. వంగి, దీపం వెలుగులో పక్కనుంచి చూశాడు. ఒక్క చేపకన్నూ లేదు.

అప్పుడు వెళ్ళాడు. మెడైరోస్ గోడకి ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. యంత్రం పక్కన పడి ఉంది. చేతులకి తెల్ల నూలు తొడుగులున్నాయి. హిగా అతని పేరు పెట్టి పిలిచాడు, భుజం పట్టి కుదిపాడు, వెండెల్ కోసం కేకలు వేశాడు. అంబులెన్సు వాళ్ళు తొడుగులు లాగి పక్కన పెట్టారు, చాలాసేపు ప్రయత్నించారు. గుండె ఆగిపోయిందన్నారు.

బండి వెళ్ళాక వెండెల్ ఏం చెయ్యాలో తోచక గదులన్నీ తిరిగాడు. పూత గదిలోకి వచ్చి కొత్త బోర్డు మీదికి వంగాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"నిన్న మెడైరోస్ అంకుల్ దుకాణంలో కనపడ్డాడు, తొడుగులు కొనుక్కుంటూ. హిగాకి చెప్పొద్దు, నవ్వుతాడు అన్నాడు. పాపం, అవి వేసుకుంటే ఆయన చేతికేం తెలుస్తుంది? అయినా వేసుకున్నాడు." మళ్ళీ బోర్డు వైపు చూశాడు. "తొడుగులతో సానపట్టాక చూడండి, ఎంత శుభ్రంగా వచ్చిందో. అయితే మీరన్నదే నిజం. ఆయన చేతులే."

హిగా నోరు తెరిచాడు. కుర్రవాడు అతని ముఖంలోకి చూస్తున్నాడు.

"ఊఁ" అన్నాడు హిగా.

వెండెల్ వెళ్ళిపోయాడు. హిగా పక్క గదిలో దీపం ఆర్పడానికి వెళ్ళి, ఆర్పలేక గుమ్మంలోనే నిలబడిపోయాడు. సానపట్టే స్టాండు మీద ఆ తెల్ల తొడుగులున్నాయి, అరచేతుల్లో దుమ్ముతో, వేళ్ళు ఇంకా కొద్దిగా వంగి.