చెయ్యి తిరిగినవాళ్ళు

మా వదిన ఫ్యాక్టరీ మెట్ల మీంచి పడడం అందరం చూశాం. చెప్పు పై మెట్టు మీదే ఊడిపోయింది. ఆ సంగతి ఆమె కాలికి తెలియలేదు. వట్టి కాలితో దిగుతూ, మెట్టు ఉందనుకుని గాల్లో అడుగేసి, కింద వరకూ దొర్లింది. మేనేజరు వచ్చి చూసి, "కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడుస్తావా? రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు. మేం ఆమెని ఆస్పత్రికి మోసుకెళ్ళాం.

మాది బూట్లకి అడుగులు అంటించే సెక్షన్. బ్రష్షుతో జిగురు పూసి, పొయ్యిలో వేడెక్కిన అడుగు తీసి బూటుకి నొక్కుతాం. కొత్తవాళ్ళకి వేళ్ళు చురుక్కుమంటాయి. కొన్నాళ్ళకి ఆ చురుకు తెలియదు. అప్పుడు భుజం తట్టి, "నీకూ చెయ్యి తిరిగిందే!" అని టీ తాగిస్తాం. చెప్తే మీరు నవ్వుతారు, నవ్వండి. అది పనితనం కాదు, జిగురు ఆవిరి మా నరాలు తినేస్తోందని డాక్టరమ్మ వదిన పాదంలో సూది గుచ్చి చూపించేదాకా మాకు తెలియలేదు. వదిన ఆ సూది వంక, ఎవరి కాల్లోనో గుచ్చినట్టు చూసింది.

అంతకుముందు ఏడాది జిగురు ఆవిరికి హద్దు పెడుతూ ప్రభుత్వం రూలు తెస్తానంది. మేనేజరు మమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టి, "ఈ రూలొస్తే ఫ్యాక్టరీకి తాళమే. మీ పిల్లల నోట్లో మట్టే," అన్నాడు. హద్దు ఎందుకో ఒక్కళ్ళమూ అడగలేదు. హడలిపోయి, రూలు వద్దని మేమే ఊరేగింపు తీశాం. ముందు నడిచింది మా వదినే. గొంతు పోయేలా అరిచింది.

రూలు వచ్చింది. తాళం పడలేదు. పక్కనే రెండో షెడ్డు లేచింది. మాకు దక్కింది గోడకి, బయటి గాలి లోపలికి తోసే ఒక గాలి మర, దాని కింద ఆవిరి కొలిచే ఒక మీటరు. ఆవిరి హద్దు దాటితే ఎర్రదీపం వెలిగి మోగాలట, మోగితే పని ఆపాలట. గాలి మర కింద హాయిగా ఉన్న మీటరుకి ఏం రోగం? ఎప్పుడు చూసినా పచ్చగా వెలుగుతూ ఉండేది.

వదినని ఆస్పత్రి నుంచి తెచ్చిన సాయంత్రం మా ఇంట్లో చేరి, ఒకరి మీద ఒకరు పడి అరుచుకున్నాం.

"గొడవ చేస్తే ఈసారి నిజంగానే తాళం వేస్తాడు," అంది కుట్టు మిషన్ అక్క.

మంచం మీంచి వదిన, "ఏడాదిగా వేస్తాడు వేస్తాడంటున్నాం. వేసింది షెడ్డే కదే!" అంది.

ఒకరిద్దరు నవ్వారు. ఫిట్టరు బాబాయి నవ్వలేదు. "ఆ మీటరు బిగించింది నేనే. అక్కడే పెట్టమన్నాడు, పెట్టాను," అన్నాడు.

"అయితే నువ్వే విప్పు బాబాయ్," అంది వదిన. " తెచ్చి మన బల్ల మీద పెట్టు. మోగిందా, ఎవరూ బ్రష్షు ముట్టుకోవద్దు. నన్ను తీసేసినట్టు అందర్నీ తీసేస్తాడేమో, తీసెయ్యనీ."

ఎవరూ జై కొట్టలేదు. తలలూపి ఇళ్ళకి పోయారు. అప్పటికి మాకు కోపం కూడా సరిగ్గా రావడం లేదు.

మర్నాడు బాబాయి మీటరు విప్పి జిగురు డబ్బాల మధ్య పెట్టాడు. మేం ఇంకా కూర్చోకముందే ఎర్రదీపం వెలిగింది. ఆ మోతకి చెవులు గింగుర్లెత్తాయి. బ్రష్షులు వదిలేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాం.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఎవడ్రా దాన్ని కదిపింది? ఆపండి! తాళం వేసేస్తా!"

"రూలు ప్రకారమే పని ఆపాం సార్," అన్నాను. "ముందు మా వదిన్ని పనిలోకి తీసుకోండి. ప్రతి బల్లకీ గాలి మర పెట్టండి. మీటరు ఇక్కడే ఉంటుంది."

ఆయన పోలీసులకి ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చేసరికి వదిన గేటు బయట గోడ పట్టుకుని నిలబడి ఉంది. అందర్నీ ఎగదోసింది ఈమేనని చూపించాడు మేనేజరు. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆమెని వ్యానులోకి లాగారు. మేం గేటు దాకా వెంటపడ్డాం.

"మీటరు వదలకండే!" అంటోంది వదిన. వాళ్ళు తలుపు విసురుగా మూశారు. సందులో ఆమె వేళ్ళు నలిగాయి. వదినకి తెలియలేదు, ఇంకా మాట్లాడుతూనే ఉంది.

కేక పెట్టింది మేము. ఆ కేక విని రెండో షెడ్డువాళ్ళు జిగురు బ్రష్షులతోనే బయటికి వచ్చేశారు.