ఉంటానండీ

ఫ్రిజ్జుకీ వంటింటి గుమ్మానికీ మధ్య సందులో ఒక మడతబల్ల, బల్లమీద కంప్యూటరు, కంప్యూటరుని ఆనుకుని కూరగాయల సంచీ. దీనికి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు "కోడలి ఆఫీసు". పేరు పెట్టిన రోజున అందరూ పగలబడి నవ్వారు. నవ్వనిది కోడలొక్కతే. ఆమెకి ఆ బల్లని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఫ్రిజ్జు తలుపు తెరిచిన ప్రతిసారీ అది ఆమె మోచేతికి తగులుతుంది, తెరిచినవాళ్ళు, అత్తగారైనా భర్తైనా పిల్లాడైనా, "కాస్త జరుగు" అంటారు. రెండేళ్ళుగా జరుగుతూనే ఉంది.

ఆమె చేసేది లిఫ్టుల కంపెనీలో. ఊళ్ళో ఎక్కడైనా లిఫ్టు ఆగిపోయి, లోపల ఇరుక్కున్న మనిషి గంటబొమ్మ ఉన్న మీట నొక్కితే ఆ పిలుపు ఆమె చెవిలో మోగుతుంది. ఎన్నో అంతస్తు, లోపల ఎంతమంది, లైటు వెలుగుతోందా, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడగాలి. తలుపులు చేత్తో లాగొద్దని చెప్పాలి. మెకానిక్కుని పంపాలి. ఆ తర్వాత తలుపు తెరుచుకునేదాకా లైను మీదే ఉండాలి. మిగతాదంతా ఎవరైనా చేస్తారు, అసలు పని ఈ చివరిదే.

ఆఫీసులో ఉన్నప్పుడు ఇది ఇంత కష్టంగా ఉండేది కాదు. లేవాల్సి వస్తే చెయ్యెత్తేది, పక్కసీటు లైను అందుకునేది. కంపెనీ ఖర్చులు తగ్గించుకోవాలని సగం అంతస్తు మూసేసి, ఆమెని మిషనుతో సహా ఇంటికి పంపింది. భర్త అయితే లాటరీ తగిలినట్టు సంబరపడ్డాడు. "ఎండలేదు, వానలేదు, బస్సు గొడవ లేదు. అదృష్టవంతురాలివే!" అన్నాడు. ఆయన మాత్రం ఎండలోనూ వానలోనూ బస్సెక్కి తన ఆఫీసుకి హాయిగా పోతూనే ఉన్నాడు. ఇంట్లో ఆమెకి పక్కసీటంటే ఫ్రిజ్జే.

ఈమధ్య మూసిన అంతస్తు మళ్ళీ తెరిచారు. సీట్లు కొద్దిగానే ఉన్నాయి. తనకొకటి ఇమ్మని ఆమె సూపర్‌వైజరుని అడిగింది, ఊరికే అడగలేదు, వెంటపడింది. ఆ సూపర్‌వైజరుకి అందరూ చాటుగా పెట్టుకున్న పేరు పచ్చచుక్క. ఇళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళ పేర్ల పక్కన స్క్రీను మీద వెలిగే పచ్చచుక్కలని కళ్ళలో వత్తులేసుకుని చూడటం తప్ప ఆయనకి వేరే పని లేదు. "చూద్దాం మేడమ్, చూద్దాం" అంటూ నాన్చుతూ వచ్చాడు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన లిఫ్టులో ఇరుక్కున్నాడు. ఒక్కడే ఉన్నాడు. గొంతు వణుకుతోంది. ఆమె అడగాల్సినవన్నీ అడిగింది, మెకానిక్కుని పంపింది. దారిలో ట్రాఫిక్కు ఆగిపోయింది, కాస్త ఆలస్యమవుతుందని చెప్పింది.

"ఫరవాలేదమ్మా, నువ్వు మాట్లాడుతూ ఉండు చాలు" అన్నాడాయన.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి అత్తగారు మొదలుపెట్టింది. "అమ్మాయ్! మంచినీళ్ళ డబ్బా వచ్చింది. వాడు గుమ్మంలో దించేసి పోయాడు. లోపల పెట్టు!"

ఆమె చేత్తో ఆగమని సైగ చేసింది. అత్తగారికి సైగలు ఆనవు.

"ఏంటా చేతులూపడం? దారికడ్డంగా ఉందంటే! నేను ఎత్తి నడుం విరగ్గొట్టుకోనా?"

ఈ చెవిలో పెద్దాయన, ఆ చెవిలో అత్తగారు. పెద్దాయన ఏదో అన్నాడు, ఆమె సరిగా వినలేదు. "సరేనండీ, మెకానిక్కు వచ్చేస్తున్నాడు. ఉంటానండీ" అని మీట నొక్కేసి లేచింది. డబ్బా లోపల పెట్టింది. అది పెట్టాక స్టవ్ కట్టెయ్యమంది అత్తగారు, కట్టేసింది. తిరిగొచ్చేసరికి ఇంకో లిఫ్టు మోగుతోంది. పెద్దాయన సంగతి ఆమె మర్చేపోయింది.

ఫోను పెట్టేసేటప్పుడు మనమందరం అనే మాటే ఈ "ఉంటానండీ". ఎక్కడికో పోతూ కూడా "ఉంటాను" అంటాం, ఎవరూ తప్పుపట్టరు. కానీ లిఫ్టు లైను మీద ఆ మాట నిషేధం. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ట్రైనింగులో చెప్తారు: పెట్టెలో ఇరుక్కున్న మనిషితో "ఉంటాను" అనకండి, పాపం, నిజమే అనుకుంటాడు. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఆమె నోట ఆ మాట ఒక్కసారీ దొర్లలేదు. ఇంటి బల్ల దగ్గర ఇంటి మాట వచ్చేసింది.

పెద్దాయన నిజమే అనుకున్నాడు. లైను తెగినా, తలుపు తెరిచేదాకా లిఫ్టు గోడకున్న మైకు రికార్డు చేస్తూనే ఉంటుంది, దాని మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది. ఆయన ఆ దీపంతో తన గోడంతా చెప్పుకున్నాడు. బయటపడ్డాక కంపెనీకి ఫోనుచేసి మరీ మెచ్చుకున్నాడు. ఆ అమ్మాయి చివరిదాకా నాతోనే ఉంది, నన్ను బతికించింది, అలాంటి మనిషి మీ దగ్గరుండటం మీ అదృష్టం అన్నాడు.

పచ్చచుక్క ఆ కబురు చెప్పగానే ఆమెకి తను లైను పెట్టేసిన సంగతి గుర్తొచ్చింది. రికార్డింగు ఎవరూ వినలేదు. మెచ్చుకోలు వస్తే ఎవడు వింటాడు, తిట్లొస్తేనే వింటారు.

"పెద్దసారు కూడా చాలా సంతోషించారు మేడమ్" అన్నాడు పచ్చచుక్క. "అన్నట్టు, మీ సీటు సంగతి. ఇంటి దగ్గర్నుంచే ఇంత బాగా చేసే మనిషిని ఆఫీసుకి తెచ్చి పాడుచేసుకుంటామా చెప్పండి? మీరు అక్కడే ఉండిపోండి. పర్మనెంటుగా!"

మెచ్చి మేకతోలు కప్పడమంటే ఇదే. ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చెయ్యని మంచిపనికి బహుమానంగా ఈ సందులో జీవితాంతం కూర్చోమంటున్నారు. నిజం చెప్తే ఉద్యోగం ఊడచ్చు. చెప్పకపోతే ఈ బల్ల ఇక వదలదు.

ఇంట్లో మాత్రం పండగే. "చూశావా, ఇంట్లో కూర్చుంటే ఎంత పేరొచ్చిందో!" అన్నాడు భర్త. అత్తగారు వీధి వీధంతా చెప్పొచ్చింది. చెప్పొచ్చి, "ఇక ఆఫీసూ గీఫీసూ అని గొణగడం మానేస్తుందిలే" అని కొడుకుతో అంది, కోడలికి వినపడేంత గట్టిగా.

శుక్రవారం వీడియో మీటింగు పెట్టారు. పెద్దసారు, పచ్చచుక్క, ఆఫీసులో ఉన్నవాళ్ళు, ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు అందరూ గళ్ళల్లో సర్దుకున్నారు. పెద్దాయనని ఫోనులో కలుపుతారట, అందరూ వినేలా ఆయన రెండు మంచి మాటలు చెప్తాడట, ఆమె థాంక్స్ చెప్పాలట. అంతే. భర్త సగంరోజు సెలవుపెట్టి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. అత్తగారు తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని, కెమెరాలో పడేచోట కుర్చీ వేసుకుంది.

"అమ్మా, నువ్వేనా?" అన్నాడు పెద్దాయన.

"నేనేనండీ."

"నీకు రుణపడిపోయాను తల్లీ. ఒక్క మాట అడ్డం రాకుండా విన్నావు. నా సొంత పిల్లలు కూడా ఏనాడూ అలా వినలేదు. ఎవరికీ చెప్పుకోని సంగతులు నీకు చెప్పుకున్నాను."

స్క్రీను మీద చప్పట్లు. పెద్దసారు తల ఊపుతున్నాడు. పచ్చచుక్క అయితే తనే లిఫ్టు తలుపు పగలగొట్టి ఆయన్ని బయటికి తీసినంత గర్వంగా ఉన్నాడు. "ఒక్క ముక్క థాంక్స్ చెప్పండి మేడమ్" అన్నాడు. వెనకనుంచి అత్తగారు ఆమె వీపు మీద వేలితో పొడిచింది. "చెప్పవే!"

ఆ వేలిపోటుతో ఆమె ఓపిక అయిపోయింది.

"బాబాయిగారూ, నేను వినలేదండీ."

"ఏంటమ్మా?"

"మీరు చెప్పిందేదీ నేను వినలేదు. లైను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. నీళ్ళడబ్బా ఎత్తి లోపల పెట్టడానికి."

చప్పట్లు ఆగిపోయాయి.

"మరి ఉంటానన్నావు కదమ్మా?"

"పెట్టేసేటప్పుడు అంటాం కదండీ. ఆ ఉంటాను."

"అయితే నేను ఎవరితో మాట్లాడినట్టు?"

ఆమెకి సిగ్గుతో మొహం కాలిపోయింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఎవరితోనూ కాదండీ."

ఆయన తిట్టలేదు. "నువ్వు వింటున్నావనుకునే ఏడ్చాను తల్లీ" అని ఫోను పెట్టేశాడు. పెట్టేసేముందు మర్యాదకి అనే మాట కూడా అనలేదు.

తర్వాత ఇంట్లో జరిగింది చెప్పుకోవడానికేమీ బాగుండదు. "థాంక్సండీ అంటే పోయేదానికి! నలుగురిలో నా పరువు తీసింది!" అని అత్తగారు ఒంటికాలి మీద లేచింది.

"మా అమ్మని అందరిముందూ దోషిని చేస్తావా?" అన్నాడు భర్త.

"మీ అమ్మ పేరు నేనెత్తలేదండీ. నీళ్ళడబ్బా పేరెత్తాను."

"రెండూ ఒకటే!" అనేశాడాయన. అని, నాలిక్కరుచుకున్నాడు. అత్తగారు ఆ రోజుకి ఇద్దరితోనూ మాటలు మానేసింది.

పచ్చచుక్క ఫోను చేశాడు. ఈసారి "మేడమ్" అనలేదు. "సోమవారం నుంచి ఆఫీసుకి రండి. నా ఎదురుగా కూర్చోండి. కాల్సు తీసుకోవద్దు. ఆ రికార్డింగంతా విని, ముక్క పొల్లుపోకుండా రాసివ్వండి, కంపెనీ లాయరు అడుగుతున్నాడు. అది చూశాక మిమ్మల్ని ఉంచాలో తీసెయ్యాలో చెప్తారు."

శిక్షే అది. అయినా సోమవారం ఆ అంతస్తులో అడుగుపెట్టగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. స్వాగతం పలికినవాళ్ళెవరూ లేరు. ఆమె పుణ్యమాని అందరికీ కొత్త నిబంధన వచ్చింది, సీట్లోంచి లేవాలంటే ముందు మీట నొక్కి అనుమతి తీసుకోవాలి. అందరూ ఆమెని కొరకొరా చూశారు. ఒకావిడ ఎదురుగానే "వచ్చిందండీ సత్యసంధురాలు" అంది. పచ్చచుక్క చూపు ఆమె నెత్తిమీదే ఉంది. ఉంటే ఉండనీ అనుకుంది. కుర్చీకి చేతులున్నాయి. మోచేతికి ఏ తలుపూ తగల్లేదు. ఎవరూ జరగమనలేదు.

హెడ్‌ఫోన్సు పెట్టుకుని రికార్డింగు మొదలుపెట్టింది. అత్తగారి గొంతు, తన ఉంటానండీ, తర్వాత పెద్దాయన.

"ఉన్నావు కదా, మంచిది తల్లీ. నువ్వు ఆఫీసులో కూర్చుని మాట్లాడుతున్నావనుకుంటా. నేనూ ఆఫీసులో చేసినవాణ్ణే. నీకో నిజం చెప్పనా? నాకు పని సాయంత్రానికల్లా అయిపోయేది. అయినా కూర్చునేవాణ్ణి. అటు ఫైళ్ళు ఇటు, ఇటువి అటు సర్దేవాణ్ణి. ఇంటికి పోతే పిల్లల గోల, మా ఆవిడ ఏకరువు. అక్కడైతే ఫ్యానూ కుర్చీ. రిటైరై ఇంటికొస్తే, ఏ కుర్చీలో కూర్చున్నా అది ఎవరో ఒకరిది..."

ఆమె రాస్తూనే పళ్ళు నూరింది. ఈయన కోసమా తను మూడు రాత్రులు కంటిమీద కునుకులేకుండా కుమిలింది! ఇంట్లో ఆయనకి బదులు డబ్బాలెత్తినదెవరు? తను రెండేళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డా దొరకని కుర్చీలో ఈ మహానుభావుడు పనిలేకుండా కాలు మీద కాలేసుకు కూర్చున్నాడు. ఫోనుచేసి కడిగెయ్యాలనిపించింది. కడగడానికి నీకేం హక్కుందని మళ్ళీ తనే తనని తిట్టుకుంది.

"మా ఆవిడ ఒకసారి అడిగింది తల్లీ. మీకు ఇంటికి రావాలని ఎప్పుడూ అనిపించదా అని. పనుంది అన్నాను. పోయే ముందు ఆసుపత్రిలోంచి ఫోనుచేసి మళ్ళీ అదే అడిగింది. అప్పుడూ పనుందనే అన్నాను."

ఆ తర్వాత మాటల్లేవు. ఏడుపు. దాన్ని ఎలా రాయాలో ఆమెకి తెలియలేదు. తలుపు తెరుచుకున్న చప్పుడు వచ్చేదాకా మాత్రం విన్నది.

రాసింది పచ్చచుక్క బల్లమీద పెట్టింది. షిఫ్టు అయిపోయింది. ఒక్కొక్కరూ సంచీలు సర్దుకుని, ఆమె వైపు చూడకుండా దాటిపోయారు. పచ్చచుక్క కూడా లైట్లు సగం ఆర్పి వెళ్ళిపోయాడు. చెయ్యడానికి ఆమెకి ఏ పనీ లేదు. ఖాళీ బల్ల మీద రెండు చేతులూ చాపుకుని కూర్చుంది.

ఫోను మోగింది. భర్త.

"ఎక్కడున్నావ్? అమ్మ మళ్ళీ పొద్దుట్నుంచీ మాట్లాడట్లేదు, పిల్లాడు ఆకలంటున్నాడు. ఇంకా బయల్దేరలేదా?"

ఆమె కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలింది.

"లేదండీ" అంది. "పనుంది."