నాలుగో నంబరు ఇంజను వేగం

రైలు మ్యూజియంలో ఆమెను అందరూ రివెట్టమ్మ అనేవాళ్లు. కంప్యూటర్లో రైలు తోలే ఆట కోసం పాత చిన్నలైను ఆవిరి ఇంజనును ఉన్నదున్నట్టు తయారుచేయమంటే, షెడ్డులో తుప్పు పట్టి పడున్న నాలుగో నంబరు ఇంజను మీదికెక్కి రివెట్లు ఒక్కొక్కటే లెక్కపెడుతూ కూర్చుంది మరి. అలా పదకొండు నెలలు. చక్రం అంచు ఎంత అరిగిందో, సిలిండరు లోపలి వెడల్పు ఎంతో, బాయిలరు ఎంత ఆవిరికి ఓర్చుకుంటుందో కాగితం మీద ఎక్కించాకే కంప్యూటరు ముట్టుకునేది. ఒక బొమ్మ కోసం ఇంత యాగీ ఎందుకమ్మా అని వాచ్‌మన్ కూడా వేళాకోళమాడాడు.

ఎందుకో ఆ ఇంజను పక్కన గోడకున్న బోర్డు చెబుతుంది. కొండ ఎక్కే మలుపులో డ్రైవరు నిర్లక్ష్యంగా గంటకు నలభై మైళ్ల వేగంతో నడపడం వల్ల ఈ ఇంజను పట్టాలు తప్పింది అని ఇత్తడి అక్షరాలతో రాసుంది. ఆ డ్రైవరు ఆమె నాన్న. పట్టాల కింద కుళ్లిన స్లీపర్లను రైల్వేవాళ్లు మర్నాటికల్లా మార్చేసి, తప్పంతా ఆయన నెత్తిన రుద్దారు. ఇంజను మీంచి దింపేసి బూడిద గుంటలు ఊడ్చే పనిలో వేశారు. పోయేదాకా ఆయనది ఒకటే మాట: "ఆ ఎక్కుడులో దాన్ని ఎంత బతిమాలినా పాతిక దాటదమ్మా." ఎవడు విన్నాడు? విన్నవాళ్లు కూడా పాపం పెద్దాయనకు మతి చెడిందన్నారు.

నిజం చెప్పాలంటే ఆమెకూ లోపల భయం లేకపోలేదు. నాన్న మాట నమ్మడం వేరు, లెక్క తేలడం వేరు. కంప్యూటర్లో ఇంజనూ కొండదారీ సిద్ధమై, మొదటిసారి ఆవిరి వదిలిన రోజు పక్కన బొగ్గు బాబాయి ఉన్నాడు. నాన్న దగ్గర ఫైర్‌మన్‌గా చేసిన మనిషి, ఎనభై దాటినా చెవులు మహా పదును. ప్రమాదం నాటిలాగే ఎనిమిది పెట్టెలు తగిలించి కొండెక్కిస్తే వేగం ముల్లు పందొమ్మిది దగ్గర ఆగింది. ఇదేనమ్మా, ఇదే రొప్పు అని బాబాయి కళ్లు తుడుచుకున్నాడు.

ఆమెకు మాత్రం తృప్తి లేదు. కూతురు కదా, తండ్రి వైపు మొగ్గిందని రేపు ఎవడూ అనకూడదు. అందుకని గిట్టనివాళ్ల పక్షానే నిలబడి లెక్క వేసింది. అరిగిన చక్రాలు తీసి కొత్తవి పెట్టింది, మేలిరకం బొగ్గు వేసింది, ఆవిరి నిండుగా పట్టించింది, రెండు పెట్టెలు తగ్గించింది. మళ్లీ కొండెక్కించింది. ఇరవై రెండు. చచ్చీచెడీ ఇరవై రెండు. అప్పుడు బాబాయి ముందే బావురుమంది.

ఆ అమరికనే ఆటలో ఉంచేసింది. తర్వాత మ్యూజియం డైరెక్టరు వచ్చి నడిపి చూశాడు. ఆమె ఎవరి కూతురో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇంజను ముద్దొస్తోంది గానీ మరీ నత్తనడక, జనానికి ఆవలింతలొస్తాయి, వేగం రెట్టింపు చెయ్యమన్నాడు. ఆమె ససేమిరా అంది. ఆటే కదా, ఒక్క అంకె మారిస్తే పోయేదానికి ఇంత పంతమా అని బుజ్జగించాడు. లొంగకపోయేసరికి పని ఇంకొకళ్లకు అప్పగిస్తానన్నాడు. అప్పగించుకోండి, నేను చేసిన ఇంజను మాత్రం నాతో వస్తుందంది. ప్రారంభానికి వారమే ఉంది, ఆహ్వానాలు వెళ్లిపోయాయి. ఆయన పళ్లు నూరుకుంటూ ఊరుకున్నాడు.

ప్రారంభం నాడు, ఆ షెడ్డులోనే అమర్చిన హాలు కిటకిటలాడింది. డైరెక్టరే మొదట కుర్చీలో కూర్చుని, జనం వైపు నవ్వు ఒకటి విసిరి, కొండ మొదట్లోనే వేగం పెంచే పిడి ఆఖరిదాకా లాగాడు. ముల్లు ఇరవై రెండుకొచ్చి అక్కడే మొరాయించింది.

"ఆగకండి సార్, నలభై దాకా తీసుకెళ్లండి," అంది ఆమె.

"పోతేగా! ఇంతకంటే పోదని నువ్వేగా నాతో పోట్లాడావు."

"నేనే సార్. మరి ఆ బోర్డు మీద నలభై అని ఎలా రాశారు?"

జనమంతా గోడవైపు తిరిగారు.

"ఆ డ్రైవరు మా నాన్న," అంది. "ఇదే ఇంజను, ఇదే మలుపు. నా కొలతల్లో తప్పుంటే చూపించండి. ఇంజను అక్కడే ఉంది, టేపు నేనిస్తాను."

ఎవరూ టేపు అడగలేదు. అది కమిటీ తేల్చాలి, పాత విచారణ కాగితాలు తిరగెయ్యాలి అని డైరెక్టరు ఏదో నసిగి లేచిపోయాడు. కానీ జనం కదిలితేగా! ఒకరి తర్వాత ఒకరు కూర్చోవడం, బోర్డుకేసి చూడటం, పిడి లాగడం. మూసేవేళకు అరవైమంది తోలారు, ఒక్కరూ ఇరవై రెండు దాటలేదు.

హాలు ఖాళీ అయ్యాక డైరెక్టరు వాచ్‌మన్ చేత స్క్రూడ్రైవరు తెప్పించాడు. మొదటి మర తిప్పుతుండగా ఆమె అడ్డం వెళ్లి బోర్డు మీద చెయ్యి పెట్టింది.

"నీకు కావలసింది ఇదేగా, ఇంకా ఏమిటమ్మా?" అని విసుక్కున్నాడాయన.

"ఇలా చాటుగా కాదు సార్. నలుగురిలో పెట్టారు, నలుగురిలోనే తీయండి. రేపు పొద్దున పదింటికి, జనం ఉన్నప్పుడు. నేనూ బాబాయీ ముందు వరుసలో ఉంటాం."